తిరుపతి ట్రావెల్స్ సైట్ గూగుల్‌లో కనబడాలంటే టైటిల్ ఎలా రాయాలి?

తర్వాత చదివేవాళ్లకు అర్థం కావడానికి మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. తిరుపతిలో మీ బావగారికి నాలుగు కార్లతో చిన్న ట్రావెల్స్ ఉంది. సైట్ మీరే చేశారు, మొత్తం పన్నెండు పేజీలు. టైటిల్ అంటే గూగుల్ ఫలితాల్లో పేజీకి పేరుగా పెద్దగా కనిపించే లైను. పన్నెండింటికీ ఒకటే టైటిల్: "హోం | ఫలానా బాలాజీ ట్రావెల్స్ | బెస్ట్ క్యాబ్స్ ఇన్ తిరుపతి, తిరుపతి ట్యాక్సీ, చీప్ క్యాబ్ తిరుపతి, తిరుమల దర్శనం టికెట్స్, టెంపో ట్రావెలర్". ఏడాదైనా సైట్ నుంచి ఫోన్లు లేవు. గూగుల్‌లో వెతికితే మీరు రాసిన టైటిల్ కాకుండా ఇంకేదో కనిపిస్తోంది. దీనికి తోడు, నెలనెలా డబ్బు కడితే మొదటి స్థానంలో కూర్చోబెడతానని ఒకాయన మీ బావగారి వెంట పడుతున్నాడు.

ఆ ఒకాయన సంగతి ముందు తేల్చేద్దాం. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసి పెట్టింది. గ్యారంటీ అన్నాడంటే అక్కడితో నమస్కారం పెట్టేయండి. మీరు చేయాల్సిన పని మీ చేతిలోనే ఉంది, ఖర్చు కూడా లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

నేను ఈ పనిలోకి కంప్యూటర్ చదువు చదివి రాలేదు. తిరుపతి బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేసేవాణ్ని. ఫ్లెక్సీకి చదరపు అడుగుకు ఇంత అని రేటు కదా, వచ్చినవాళ్లకు ఒక్క అడుగు ఖాళీగా కనిపించినా ప్రాణం ఒప్పదు. "ఈడ ఇంకా చోటు ఉండాది కదప్పా, ఇంకో ఫోన్ నంబరు పెట్టు, ఆ కారు బొమ్మ కూడా ఏసెయ్" అనేవాళ్లు. అలా నింపిన ఫ్లెక్సీని రోడ్డు మీద పోయేవాడు చదవలేడు. మీ టైటిల్ చూడగానే నాకు ఆ షాపు గుర్తొచ్చింది. చోటు ఉంది కదా అని అన్నీ పెట్టేశారు.

ఆ షాపు బయటే నిలబడి చూస్తే ఆర్టీసీ బస్సులు కనిపించేవి. బస్సు బోర్డు ఎప్పుడైనా నిదానంగా చూశారా? చేరే ఊరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దారిలో తగిలే ఊళ్లు పక్కన చిన్నగా ఉంటాయి. డిపో పేరు ఏదో మూలన ఉంటుంది. సంచులు మోసుకుంటూ, పిల్లాణ్ని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చే మనిషి ఒక్క చూపులో "ఇది నా బస్సే" అని ఎక్కేస్తాడు. "జిల్లాలోకెల్లా ఉత్తమమైన బస్సు" అని బోర్డు మీద ఎవరూ రాయరు. గూగుల్ ఫలితాల్లో మీ టైటిల్ చేసే పని కూడా ఇదే. వేలితో పైకి జరుపుకుంటూ పోయేవాడు తన ఊరి పేరు కోసం చూస్తుంటాడు. మీ బస్సేమో "హోం" అనే బోర్డు తగిలించుకుని నిలబడింది.

ఇప్పుడు మీ టైటిల్‌ను ముక్క ముక్కగా విప్పుదాం. మొదటి మాట "హోం". "హోం" అని గూగుల్‌లో వెతికి తిరుపతి కారు మాట్లాడుకునేవాడు లేడు. అందరి చూపూ పడే మొదటి చోటు అలా ఊరికే పోయింది. తర్వాత వ్యాపారం పేరు. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది తిరుపతి వాళ్లకే ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది. మన ఊళ్లో టీ కొట్టు నుంచి టైర్ల షాపు దాకా సగం బోర్డుల మీద స్వామి పేరో అమ్మవారి పేరో ఉంటుంది. బాలాజీ, శ్రీనివాస, పద్మావతి, సప్తగిరి. భక్తి మంచిదే. కానీ ఆ పేరును బట్టి మిమ్మల్ని పక్కవాళ్ల నుంచి వేరు చేసి గుర్తుపట్టడం మనుషులకే కష్టం, గూగుల్‌కు ఇంకా కష్టం. పైగా తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర నుంచి వచ్చేవాళ్లకు మీ పేరు అసలు తెలియదు. తెలియని పేరును ముందు పెట్టి ఏం లాభం? పేరు చివరికి వెళ్లాలి, బస్సు మీద డిపో పేరులాగ. 2022 అక్టోబరు నుంచి గూగుల్ మొబైల్ ఫలితాల్లో సైట్ పేరును టైటిల్ పైన విడిగా చూపిస్తోంది కాబట్టి, టైటిల్‌లో పేరు లేదనే బెంగ కూడా పెద్దగా అక్కర్లేదు. నేనైతే హోం పేజీలో ఉంచుతాను, మిగతా పేజీల్లో చోటు మిగిలితేనే పెడతాను.

ఆ తర్వాత వచ్చేది "తిరుపతి ట్యాక్సీ, చీప్ క్యాబ్ తిరుపతి, బెస్ట్ క్యాబ్స్" అనే దండకం. ఒకే మాటను నాలుగు రకాలుగా చెబితే నాలుగింతల బలం వస్తుందనేది పాతకాలపు నమ్మకం. ట్యాక్సీ అన్నా క్యాబ్ అన్నా ఒకటేనని గూగుల్‌కు ఎప్పుడో తెలుసు. ఇలా దట్టించిన టైటిల్‌ను అది అనుమానంగా చూస్తుంది, చదివేవాడూ అంతే. "బెస్ట్" అనే మాట మీ పోటీదారులందరి టైటిళ్లలోనూ ఉంది, ఒకసారి వెతికి చూడండి. అందరూ బెస్టే అయినప్పుడు ఆ మాటకు విలువ లేదు.

చివరగా "తిరుమల దర్శనం టికెట్స్". ఇది మాత్రం ఈ రోజే తీసేయండి. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను ఆన్‌లైన్‌లో టీటీడీ తన సొంత సైట్‌లో ఇస్తుంది. మీరు కార్లు నడుపుతారు, టికెట్లు అమ్మరు. టికెట్ దొరుకుతుందని ఆశపడి వచ్చిన భక్తుడు మీ పేజీలో ఇన్నోవా ఫొటో చూసి ఏమనుకుంటాడు? అసలే దర్శనం టికెట్ల పేరుతో దళారులు మోసం చేశారన్న వార్తలు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. ఆ జాబితాలో మీ పేరు ఎవరి నోటా వినబడకూడదు.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మొదట్లో ఒక లాడ్జికి సైట్ చేశాను. లాడ్జి ఉన్నది కింద తిరుపతిలో. ఎక్కువమంది వెతికే మాట కదా అని టైటిల్‌లో "తిరుమల రూమ్స్" అని రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఫోన్లు మొదలయ్యాయి. "కొండ మీద రూమ్ ఉందాండీ?" అని తెలుగులో ఒకరు, తమిళంలో ఒకరు, హిందీలో ఒకరు. కాదండీ, లాడ్జి కింద ఉంది అంటే టక్కున పెట్టేస్తారు. కౌంటర్లో కూర్చునే కుర్రాడు వారం తిరిగేసరికి ఫోన్ మోగితేనే భయపడే స్థితికి వచ్చాడు. ఓనర్ నన్ను పిలిచి, "ఫోన్లు తెప్పించినావు సరే, మనుషుల్ని ఎప్పుడు తెప్పిస్తావు?" అన్నాడు. టైటిల్‌ను "తిరుపతి బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో రూములు" అని అర్థం వచ్చేలా మార్చాం. ఫోన్లు బాగా తగ్గాయి. వచ్చిన ఫోన్లలో మాత్రం గది తీసుకునేవాళ్లే ఎక్కువ.

ఇక మీరు రాసింది కాకుండా గూగుల్ వేరే టైటిల్ ఎందుకు చూపిస్తోంది? అది దాని హక్కు అనుకోండి. 2021 ఆగస్టులో గూగుల్ ఈ పద్ధతిని మార్చింది. మీ టైటిల్ ట్యాగ్, అంటే పేజీ కోడ్‌లో మీరు రాసిన టైటిల్, పనికొచ్చేలా ఉంటే అదే వాడుతుంది. ఆ ఏడాది సెప్టెంబరులో వాళ్లే చెప్పిన లెక్క ప్రకారం నూటికి సుమారు 87 సార్లు టైటిల్ ట్యాగ్‌నే తీసుకుంటున్నారు. మిగతా సందర్భాల్లో పేజీలో పెద్దగా కనిపించే హెడ్డింగునో, మీ పేజీకి లింకు ఇచ్చిన చోట ఉన్న మాటలనో తీసుకుని తానే ఒకటి తయారు చేస్తుంది. ఎప్పుడు అలా చేస్తుందంటే: టైటిల్ ఖాళీగా ఉన్నప్పుడు, అన్ని పేజీలకూ ఒకటే ఉన్నప్పుడు, మాటలు దట్టించినప్పుడు, పాత సంవత్సరం అలాగే ఉండిపోయినప్పుడు, పేజీ ఒక భాషలో టైటిల్ ఇంకో భాషలో ఉన్నప్పుడు. మీ సైట్‌లో వీటిలో రెండు నిండుగా ఉన్నాయి. కాణిపాకం పేజీకీ శ్రీకాళహస్తి పేజీకీ ఒకే టైటిల్ ఉంటే ఏది ఎవరికి చూపించాలో గూగుల్ మాత్రం ఎలా తేల్చుకుంటుంది, చెప్పండి? కాబట్టి దాని మీద కోపం తెచ్చుకోకండి. అది మార్చిందంటే మన టైటిల్‌లో ఏదో లోపం ఉందని సూచన. ఒక్కోసారి అది పెట్టిన టైటిలే మనదానికన్నా బాగుంటుంది కూడా, నేను సిగ్గుపడకుండా కాపీ కొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి.

ఇప్పుడు అసలు పని. కాణిపాకం పేజీని తీసుకుందాం. పేజీకి ఒక ప్రశ్న అనుకోండి. తిరుపతిలో దర్శనం అయిపోయింది, సాయంత్రం రైలు ఉంది, మధ్యలో కాణిపాకం వినాయకుణ్ని చూసి రావాలి. తిరుపతి నుంచి సుమారు 70 కిలోమీటర్లు. ఆ మనిషి మనసులో ఉన్నది మూడే విషయాలు: కారు దొరుకుతుందా, రానుపోను ఎంత, రైలు టైముకు వెనక్కి వచ్చేయగలమా. మీ టైటిల్ ఆ మనిషికి జవాబులా ఉండాలి. "తిరుపతి నుంచి కాణిపాకం క్యాబ్: రానుపోను ఛార్జీ, పట్టే సమయం". అంతే. మీ సైట్ ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇంగ్లీషులోనే రాస్తారు, నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఎక్కడి నుంచి ఎక్కడికి అనేది మొదటే రావాలి, ఎందుకంటే ఫోన్‌లో టైటిల్ చివర కోసేసినా మొదటి సగం మిగులుతుంది.

శ్రీకాళహస్తి పేజీ ఇంకా బాగుంటుంది చూడండి. దూరం తక్కువే, నలభై కిలోమీటర్ల లోపు. కానీ అక్కడికి చాలామంది వెళ్లేది రాహుకేతు పూజ కోసం. పూజ టికెట్, వరస, పూజ, తర్వాత దర్శనం, ఇదంతా ఎంతసేపు పడుతుందో ముందు చెప్పలేం. వాళ్ల టెన్షన్ కారు గురించి కాదు, "పూజ ఆలస్యమైతే డ్రైవర్ ఉంటాడా, వెయిటింగ్‌కు ఎంత గుంజుతాడు" అని. ఇది మీ బావగారికి రోజూ అనుభవమే కదా, ఆయన్ని అడగండి. నేనైతే ఇలా రాస్తాను: "తిరుపతి నుంచి శ్రీకాళహస్తి క్యాబ్: రాహుకేతు పూజ అయ్యేదాకా వెయిటింగ్‌తో". నాలుగు కార్ల వాడికీ నాలుగు వందల కార్ల కంపెనీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. పెద్ద కంపెనీలు "తిరుపతి క్యాబ్స్" అనే మాట మీద కూర్చుని ఉంటాయి, దాన్ని మీరు ఇప్పట్లో కదపలేరు. రాహుకేతు పూజ వెయిటింగ్ గురించి ఆలోచించే ఓపిక వాళ్లకు ఉండదు. టైటిల్‌లో రాశారు కాబట్టి పేజీలో వెయిటింగ్ లెక్క స్పష్టంగా ఉండాలి, ఇది మరిచిపోవద్దు.

ఇంకో పేజీ మీ దగ్గర లేదు, పెట్టండి. శ్రీవారి మెట్టు. నడిచి కొండెక్కేవాడికి కారు ఎందుకు అనుకోకండి. అలిపిరి అయితే ఊరిని ఆనుకునే ఉంది. శ్రీవారి మెట్టు మొదలయ్యేది శ్రీనివాసమంగాపురం వైపు, ఊరికి దూరంగా. తెల్లవారుజామున రైలు దిగినవాడు అక్కడికి ఎలా చేరాలో తెలియక స్టేషన్ బయట ఆటోవాళ్లతో బేరాలాడుతుంటాడు. "తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి శ్రీవారి మెట్టుకు ఎలా వెళ్లాలి?" అని ప్రశ్ననే టైటిల్‌గా పెట్టొచ్చు. బస్సులు, ఆటోలు, మీ కారు అన్నీ నిజాయితీగా పేజీలో రాయండి. బస్సులో వెళ్లేవాడు బస్సులోనే వెళ్తాడు. లగేజీ ఉన్నవాడు, పెద్దవాళ్లతో వచ్చినవాడు మీకు ఫోన్ చేస్తాడు.

హోం పేజీకి "తిరుపతి క్యాబ్ బుకింగ్: రేణిగుంట ఎయిర్‌పోర్ట్, తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి | ఫలానా ట్రావెల్స్" చాలు. "మా గురించి", "సంప్రదించండి" పేజీల మీద టైము పోగొట్టుకోకండి, పేరు రాసి వదిలేయండి.

జనం ఏ మాటలతో వెతుకుతున్నారో ఊహించక్కర్లేదు. సైట్ ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ ఉచితం, సైట్ మీదేనని నిరూపించుకుంటే చాలు, 16 నెలల దాకా లెక్కలు చూపిస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట ఒక్కో పేజీని విడిగా ఎంచుకుని కింద క్వెరీల జాబితా, అంటే జనం వెతికిన మాటలు, చూడండి. ఎన్నిసార్లు కనిపించారు, ఎన్ని క్లిక్‌లు, సగటున ఎన్నో స్థానం, అన్నీ ఉంటాయి. నేను ముందు వెతికేది ఒకే రకం వరుస కోసం: బాగా కనిపిస్తూ, స్థానం మొదటి పదిలోపే ఉండి, క్లిక్‌లు మాత్రం రానివి. అక్కడ మీ బోర్డు కనిపిస్తోంది, ఎవరూ ఎక్కడం లేదు. టైటిల్ మారిస్తే ఫలితం దొరికే చోటు అదే. స్థానం అరవై డెబ్బైలో ఉన్న పేజీకి మాత్రం టైటిల్ ఎంత చెక్కినా ఒరిగేది తక్కువ, అక్కడ పేజీలో సరుకే చాలడం లేదని అర్థం.

ఆ జాబితాలో మీకు ఇంకో తమాషా కనిపిస్తుంది. మనం ఇంగ్లీషులో తిరుపతి రాసేటప్పుడు రెండు చోట్లా ఒట్టి "టి" వాడతాం. తమిళులు "త" శబ్దానికి "టి" పక్కన "హెచ్" పెడతారు. కాణిపాకానికి కూడా రకరకాల స్పెల్లింగులు ఉంటాయి. అవన్నీ టైటిల్‌లో వరసగా పేర్చాలని చేతులు దురద పెడతాయి. వద్దు. ఇంత తెలిసిన ఊరి పేరును ఎలా రాసినా గూగుల్ పోల్చుకుంటుంది. రైల్వే వాళ్లు, టీటీడీ వాళ్లు రాసే స్పెల్లింగే మీరూ వాడండి.

తెలుగులో టైటిల్ పెట్టాలా అని కూడా అడిగారు. పేజీ మొత్తం తెలుగులో ఉంటే టైటిల్ తెలుగులోనే ఉండాలి. పేజీ ఇంగ్లీషులో ఉంచి పైన తెలుగు టైటిల్ తగిలిస్తే గూగుల్ దాన్ని మార్చేయొచ్చు. నా సలహా అయితే కాణిపాకం, శ్రీకాళహస్తి పేజీలకు తెలుగులో వేరే పేజీలు రాయమని. అనంతపురం నుంచో ఒంగోలు నుంచో వచ్చేవాళ్లు ఫోన్‌లో తెలుగులో మాట్లాడి వెతకడం ఇప్పుడు మామూలే. అయితే యంత్రం చేత అనువాదం చేయించి పెట్టేసి చేతులు దులుపుకోవద్దు. "క్యాబ్ అద్దె సేవలను పొందండి" అని మన ఊళ్లో ఎవరైనా అంటారా? "కారు మాట్లాడుకోవాలి" అంటారు. ఆ మాటే రాయండి.

పొడవు గురించి: ఇన్ని అక్షరాలు మించకూడదని గూగుల్ పరిమితి ఏమీ పెట్టలేదు, తెర వెడల్పుకు సరిపోయినంత చూపించి మిగతాది కోసేస్తుంది. ఇంగ్లీషులో యాభై, అరవై అక్షరాల దగ్గర ఆగితే సాధారణంగా బతికిపోతారు. తెలుగు అక్షరం వెడల్పు ఎక్కువ, కాబట్టి ఆ లెక్క తెలుగుకు నమ్మకండి. నేను చేసేది మొరటు పద్ధతి: టైటిల్‌ను నాకు నేనే వాట్సాప్‌లో పంపుకుని, మొదటి ఐదారు మాటలు మాత్రం ఉంచి మిగతాది వేలితో మూసేసి చదువుతాను. విషయం తెలిసిపోతే సరే, లేకపోతే మళ్లీ రాస్తాను.

పేజీ దేని గురించో గూగుల్‌కు చెప్పడానికని మాటలు రాసే మెటా కీవర్డ్స్ అనే పెట్టెలో మీరు యాభై మాటలు నింపారు చూశాను. ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. అలాగే గూగుల్ మ్యాప్స్‌లో మీ వ్యాపారం పేరును "ఫలానా ట్రావెల్స్ బెస్ట్ క్యాబ్స్ తిరుపతి" అని మార్చమని ఎవరో సలహా ఇచ్చారన్నారు. అక్కడ నియమం వేరు, బోర్డు మీద ఏ పేరు ఉందో అదే ఉండాలి. లేకపోతే మీ ఖాతా ఆపేసే ప్రమాదం ఉంది. స్టేషన్ దగ్గర నిలబడి కారు కోసం వెతికేవాళ్లు ముందు చూసేది మ్యాప్సే కాబట్టి దాంతో ఆటలాడకండి.

మార్చేటప్పుడు పన్నెండూ ఒక్క రాత్రిలో మార్చేయొచ్చా? మీ సైట్‌కు ఇప్పుడు పోయేదేమీ లేదు కాబట్టి మార్చేయండి. ఇప్పటికే మంచి స్థానంలో ఉన్న సైట్ అయితే ఒకటి రెండు పేజీలతో మొదలుపెట్టమని చెప్పేవాణ్ని. టైటిల్‌తో పాటు పేజీలో కనిపించే పెద్ద హెడ్డింగు కూడా అదే విషయం చెప్పాలి, మీ పేజీలన్నింటిలో "వెల్‌కమ్" అని ఉంది, అది తీసేయండి. మార్చిన తేదీ, పాత టైటిల్, కొత్త టైటిల్ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి, తర్వాత ఏది దేనివల్ల జరిగిందో గుర్తుండదు. గూగుల్ మళ్లీ వచ్చి చూసుకోవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు. రెండో రోజే వెతికి చూసి బెంబేలెత్తి మళ్లీ మార్చకండి. బ్రహ్మోత్సవాల వారాన్నీ మామూలు వారాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి, మన ఊళ్లో రద్దీ టైటిల్ వల్ల పెరగదు.

ఒక మాట మిగిలిపోయింది. మీ కాణిపాకం పేజీ పూర్తిగా చదివాను. స్థలపురాణం మూడు పేరాలు ఉంది, బావిలో స్వామి వెలసిన కథ ఉంది, ఛార్జీ ఎక్కడా లేదు. "వివరాలకు సంప్రదించండి" అని ఉంది. పైన చెప్పిన టైటిల్ పెట్టేముందు మీ బావగారి దగ్గర కూర్చుని ఐదు సీట్ల కారుకు ఎంత, ఏడు సీట్ల కారుకు ఎంత, టోల్, పార్కింగ్ అందులో కలిసి ఉన్నాయా లేదా అనేది రాయించుకుని పేజీ మొదట్లోనే పెట్టండి. అది అయ్యాక కొత్త టైటిళ్లన్నీ ఇక్కడే కింద రాయండి, ఒకసారి చూసి చెబుతాను.